ముక్కు మేస్త్రికి తెలియని వాసన

గోడలు కట్టేవాణ్ణి మేస్త్రి అంటారు, బట్టలు కుట్టేవాణ్ణీ మేస్త్రి అంటారు. గ్యాస్ స్టవ్‌లు బాగుచేసేవాణ్ణి మామూలుగా మెకానిక్ అనాలి. కానీ ఆ పేటలో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనే పిలిచేవారు. ఆయన ముక్కేమీ చూడగానే గుర్తుండిపోయేంత గొప్పది కాదు. మామూలు ముక్కే, కాస్త చప్పిడిది కూడా. పేరు వచ్చింది దాని అందాన్ని బట్టి కాదు, అది చేసే పనిని బట్టి.

ఎవరింట్లోనైనా గ్యాస్ లీకవుతోందని అనుమానం వస్తే ముందు ఆయనకు కబురు వెళ్ళేది. ఆయన వచ్చి, "స్విచ్చులు ముట్టుకోకండి, అందరూ బయటికి నడవండి" అని, వంటగదిలో మోకాళ్ళ మీద కూర్చునేవాడు. సిలిండర్ దగ్గర మొదలుపెట్టి రెగ్యులేటర్, రబ్బరు గొట్టం, ఆ గొట్టం స్టవ్‌కి తగిలే చోటు, ఇలా వరసగా ముక్కు ఆనించుకుంటూ పోయేవాడు. ఎక్కడో ఒకచోట ఆగి, వేలు పెట్టి, "ఇదిగో, దొంగ ఇక్కడున్నాడు" అనేవాడు. నిజంగానే దొంగ అక్కడే ఉండేవాడు. మిగతా మెకానిక్‌లంతా గిన్నెలో సబ్బు కలిపి, ఆ నురగ బ్రష్షుతో రాసి, బుడగ లేస్తుందేమోనని చూస్తారు. ఆయనకు అది నామోషీగా తోచేది. "దేవుడు ముఖం మధ్యలో ముక్కు పెట్టింది కళ్ళజోడు ఆనించుకోవడానికా?" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు, ఆయన ఇంకాస్త ఉబ్బిపోయేవాడు.

ఇంత పేరు తెచ్చిపెట్టిన ముక్కుకి ఆయన చేసిన మేలేమిటయ్యా అంటే, పొగ పట్టించడం. మీసం మొలవకముందే సిగరెట్టు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ మీసమే నెరిసి, మధ్యలో పొగచూరి పసుపుపచ్చగా మారింది. పనిలో మాత్రం నియమం నియమమే. ఎవరింట్లోనూ వెలిగించడు. వీధి చివరిదాకా నడిచి, తాగి, నోరు పుక్కిలించి వస్తాడు. ఊరందరికీ ఇన్ని నీతులు చెప్పే మనిషి తన ఇంట్లో మాత్రం రోజూ మొదటి సిగరెట్టు వంటగది స్టవ్ మీదే వంగి ముట్టించుకునేవాడు. భార్య అగ్గిపెట్టెలన్నీ దాచేసేది మరి. స్టవ్‌ని ఎక్కడ దాస్తుంది?

ఆమెకు ఏడాది పొడుగునా జలుబే. కిటికీలు మూసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని తిరిగేది. "మీ పొగకి నా ముక్కు మూసుకుపోయింది" అని పెళ్ళయిన కొత్తలో రోజూ అనేది. తర్వాత అనడం కూడా మానేసింది. విని విని ఆయనకు ఆ మాట గోడ గడియారం చప్పుడులా అయిపోయింది, ఉన్నా వినపడదు, ఆగినా తెలియదు.

ఇక ఆయన్ని నిజంగా ఆటపట్టించేది మనవరాలొక్కతే. కూతురు బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పొద్దున్నే బస్సు అందుకునే తొందరలో పిల్లను గేటు దగ్గరే అమ్మమ్మ చేతికిచ్చి పరుగెత్తేది, సాయంత్రం మళ్ళీ గేటు దగ్గరే తీసుకుని పోయేది. ఆ పిల్ల ఆయనకు పొగ తాత అని పేరు పెట్టింది. దగ్గరికి రాగానే రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, "తాతా, కంపు" అనేది. ఆయన కోపం నటిస్తూ వెంటపడేవాడు. అది కేరింతలు కొడుతూ మంచం కింద దూరేది. తాతా మనవరాళ్ళకు అదొక ఆట.

కథ అడ్డం తిరిగింది ట్యూషన్ టీచర్ ఇంట్లో. ఆవిడ ఇంటి ముందుగదిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ముందురోజే ఆయన వెళ్ళి ఆ ఇంటి రెగ్యులేటర్ మార్చి, అలవాటుగా ముక్కు ఆనించి చూసి, "నిశ్చింతగా వండుకోండి" అని చెప్పి వచ్చాడు. మర్నాడు సాయంత్రం ఆవిడే వచ్చి పిలిచింది. వెళ్ళేసరికి పిల్లలంతా పుస్తకాలు పట్టుకుని వీధిలో నిలబడి ఉన్నారు.

"ఇదేంటి మేస్త్రీ, మీరు చూసి వెళ్ళాకే ఇంత వాసనొస్తోంది?" అంది టీచర్, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ఆయన లోపలికి వెళ్ళాడు. వాసన లేదు. రెగ్యులేటర్ దగ్గర కూర్చుని గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. ఆడవాళ్ళకు అనుమానాలెక్కువ అని మనసులో అనుకుంటూ లేవబోయాడు. వీధిలోంచి ఒక పిల్లాడు, "సార్, ఇక్కడిదాకా కంపు కొడుతోంది" అని అరిచాడు. ఆయన లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. గ్యాస్‌కి స్వతహాగా వాసన ఉండదు. మనిషి పసిగట్టాలని కంపెనీవాళ్ళు కావాలనే అంత చెడ్డ కంపు కలుపుతారు. చంటిపిల్లలు కూడా పట్టేసే కంపు అది. ఆయన గుట్టుగా సింకు దగ్గర సబ్బు తీసుకుని, అరచేతిలో నురగ చేసి, రెగ్యులేటర్ చుట్టూ రాశాడు. బుడగలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ లేచాయి. ఆయన ముక్కు వాటికి జానెడు దూరంలో ఉంది.

"ఇప్పుడే వదులైనట్టుందమ్మా" అని అబద్ధం చెప్పాడు. వాషర్ మార్చి, ఈసారి నురగతోనే చూసుకుని బయటపడ్డాడు. టీచర్ నమ్మింది, పైగా తొందరపడి నిందవేశానని నొచ్చుకుంది కూడా. ఆ నొచ్చుకోవడం ఆయనకు మరింత గుచ్చుకుంది.

వీధి మలుపులో నిలబడి జేబులోంచి సిగరెట్టు తీసి ముక్కు కింద పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. పెట్రోలుతో తుడిచిన గుడ్డ సంచిలో ఉంటే తీసి పీల్చాడు. కళ్ళు మండాయిగానీ వాసన రాలేదు. చివరిసారి తనకేం వాసన వచ్చిందా అని ఆలోచించాడు. గుర్తు రాలేదు. కొన్నాళ్ళుగా కూరల్లో రుచి లేదని భార్య మీద విసుక్కుంటున్నాడు. ఆమె ఉప్పూ కారం పెంచుతూనే పోయింది. దోషం కూరలో లేదన్నమాట. ఈ మధ్య తను కనిపెట్టిన లీకులన్నీ చెయ్యి తగిలి కదిలినవీ, చెవికి బుస్సుమని వినపడినవీ. ముక్కు పనిచేస్తోందని అనుకుంటూ తనను తాను మోసం చేసుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఆయన్ని కళ్ళు మూసుకోమని, చిన్న చిన్న సీసాలు మూతతీసి ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేంటో చెప్పండి."

"ఖాళీ సీసా అండీ."

"ఇది?"

"ఇదీ ఖాళీదేనండీ. ఆగండాగండి, ఇది మాత్రం ఘాటుగా తగిలింది."

"అది వాసన కాదు, మంట. మంట తెలిసే నరం వేరు" అందావిడ. "కళ్ళు తెరవండి. ఏదీ ఖాళీ కాదు. మొదటిది కాఫీ పొడి, రెండోది లవంగ నూనె."

ఆవిడ లైటు వేసి ముక్కులోకి చూసింది. తర్వాత వీపు మీద గొట్టం ఆనించి ఊపిరి పీల్చమంది. మూడో శ్వాసకే దగ్గు తెర వచ్చి ఆయన వంగిపోయాడు.

"లోపల గడ్డలేమీ కనపడ్డం లేదు. వాసన పట్టే నరాలు ముక్కు పైభాగాన ఉంటాయి. ఇన్నేళ్ళ పొగకి అవి మొద్దుబారాయి. మానేస్తే నెమ్మదిగా కొంత రావచ్చు, ఎంత వస్తుందో చెప్పలేను. మానకపోతే మాత్రం రాదు. మీ ఊపిరి చప్పుడు కూడా నాకు నచ్చలేదు. ఛాతీ ఎక్స్‌రే తీయిద్దాం."

"నేను ముక్కు కోసం వచ్చానండీ."

"పొగ ముక్కు దగ్గర ఆగిపోతుందా? పొద్దున లేవగానే తాగాలనిపిస్తుందా మీకు?"

"లేవకముందే అనిపిస్తుందండీ."

"అలా పిలిచేది నికోటిన్. పిలిచి కూర్చోబెట్టాక చంపేది పొగ. మానిన మొదటి రోజుల్లో చేతులు వణుకుతాయి, ఊరికే కోపం వస్తుంది, ఏ పనీ తోచదు. తట్టుకోలేకపోతే రండి, దానికీ మందులున్నాయి. ఇంతకీ మీరేం పనిచేస్తారు?"

"స్టవ్‌లు బాగుచేస్తానండీ" అన్నాడు. దేంతో బాగుచేస్తాడో చెప్పలేదు.

ఆ రాత్రి ఆయనకు కునుకు పట్టలేదు. కళ్ళు మూస్తే చాలు, ఇళ్ళు కనపడ్డాయి. ఈమధ్య ముక్కు ఆనించి "నిశ్చింతగా వండుకోండి" అని చెప్పి వచ్చిన ఇళ్ళు. వాటిలో కొత్తగా కూతురు అద్దెకు దిగిన ఇల్లు కూడా ఉంది. ఆ ఇంట్లో స్టవ్ బిగించింది ఆయనే. తన మాట నమ్మి ఎందరు తల్లులు తెల్లారగానే లైటర్ నొక్కబోతున్నారో తలుచుకుంటే ముచ్చెమటలు పోశాయి. భార్యకు చెబుదామని రెండుసార్లు లేచి కూర్చున్నాడు. ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందని ఏ నోటితో చెబుతాడు?

తెల్లారాక అలవాటు కొద్దీ సిగరెట్టు నోట్లో పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళాడు. అప్పుడే వచ్చిన మనవరాలు స్టవ్ గట్టు పక్కన నిలబడి, ముక్కు మూసుకుని, "తాతా, కంపు" అంది. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ పూట నవ్వలేకపోయాడు. "నిజమే తల్లీ" అని సిగరెట్టు తిరిగి పెట్టెలో పెట్టేసి, సబ్బుగిన్నె, బ్రష్షు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

ముందు కూతురి ఇంటికి వెళ్ళాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అల్లుడు నిద్రకళ్ళతో తలుపు తీసి, "ఏంటి మావయ్యా, పొద్దున్నే?" అన్నాడు. "ఊరికే, ఒకసారి చూసిపోదామని" అంటూ నురగ రాశాడు. బుడగ లేవలేదు. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

తర్వాత ఒక్కో ఇల్లూ. "ఇదేంటి మేస్త్రీ, మీరు కూడా సబ్బులోకి దిగారా?" అని కొందరు వేళాకోళమాడారు. "కొత్త రూలమ్మా" అని తప్పించుకున్నాడు. మేడమెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఇదివరకు ఆగితే మోకాళ్ళ నొప్పి అనుకునేవాడు. ఇప్పుడు డాక్టరమ్మ మాట చెవిలో పడ్డాక ప్రతి ఆయాసం ఆ ఎక్స్‌రే వైపే వేలు చూపించింది. లోపల ఏముందో అని భయం, తీయించుకుంటే తెలిసిపోతుందని అంతకన్నా భయం.

మధ్యాహ్నానికి సిగరెట్టు పిలవడం ఎక్కువైంది. దవడలు బిగుసుకున్నాయి. నాలుక మీద ఏదో వెలితి. ఒక పెద్దావిడ మంచినీళ్ళు కాస్త ఆలస్యంగా తెస్తే ఆమె మీద గయ్యిమన్నాడు, అన్నాక సిగ్గుపడ్డాడు. జేబులో పెట్టె ఉంది. తాకి చూసుకుంటున్నాడు, తీయడం లేదు. బస్టాపు పక్కన టిఫిన్ బండివాడి స్టవ్ దగ్గర ఒక బుడగ లేచింది. చిన్నదే. పక్కనే పెద్ద మంట మీద బాణలి మరుగుతోంది, చుట్టూ జనం నిలబడి తింటున్నారు. మంట ఆపించి, బిగించి, మళ్ళీ నురగ రాసి చూసేదాకా ఆయన ఊపిరి ఊపిరిలో లేదు.

పొద్దువాలే వేళకు తన లెక్కలో ఇళ్ళన్నీ అయిపోయాయి. ఇల్లు చేరి, చెమటబట్టలు విప్పి, తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. భార్య ముందుగదిలో తలగుడ్డ చుట్టుకుని, ఈదురుగాలి వస్తోందని కిటికీలన్నీ మూసేసి, పిల్ల గౌను కుడుతోంది. పగలంతా బిగపట్టిన మనసు అప్పుడు సడలింది. ఇంత భయం దాటి వచ్చాను, ఇంత తిరిగాను, ఇవాళ ఒక్కటీ ముట్టలేదు, ఒక్కటి తాగితే తప్పేముంది అని నికోటిన్ మెత్తగా పిలిచింది. రేపటి నుంచి పూర్తిగా బంద్ అని తనకు తనే మాటిచ్చుకున్నాడు. పెట్టె తీసుకుని వంటగదిలోకి నడిచాడు.

లోపల మసకమసకగా ఉంది. సిగరెట్టు పెదాల మధ్య పెట్టుకుని, లైటర్ చేతిలోకి తీసుకుని, నాబ్ మీద వేళ్ళు వేశాడు. గుమ్మంలో అలికిడైంది. మనవరాలు రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని నిలబడి ఉంది.

"తాతా, కంపు."

"ఇవాళ తాత తాగలేదమ్మా. స్నానం కూడా చేశాడు, చూడు" అన్నాడాయన నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. పరుగెత్తలేదు. "కంపు" అంది మళ్ళీ, ముఖం చిట్లించి.

అన్న మాట ఆయనకే తిరిగి వినపడింది. తాగలేదు. పొద్దున పిల్ల ముక్కు మూసుకున్నప్పుడు కూడా సిగరెట్టు ఇంకా వెలిగించలేదు. మరి ఈ కంపు ఎవరిది? గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది, అది ముందు తగిలేది పిల్ల ముక్కుకే. ఆ సంగతి ఊరందరికీ చెప్పింది తనే. ఊరందరి గొట్టాలూ మార్చిన మనిషి తన ఇంటి గొట్టం చూసి ఎన్నేళ్ళయిందో తనకే తెలియదు. చేతిలో లైటర్ ఉంది. దాన్ని గట్టు మీద పెట్టడానికి కూడా భయమేసింది.

ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. "చీకటి పడిందండీ, లైటు వేస్తానుండండి" అంది భార్య.

వెయ్యకు అని అరవబోయాడు. మాట రాలేదు. దగ్గు వచ్చింది. డాక్టరమ్మ దగ్గర వచ్చిన ఆ దగ్గే, గొంతుకడ్డంపడి, మాటను మింగేసి, ఆయన్ని రెండుగా వంచేసింది. దగ్గుతూనే గోడకు గుద్దుకుంటూ ముందుగదిలోకి పడ్డాడు. ఆమె చెయ్యి స్విచ్చు మీదికి లేచి ఉంది. ఆ మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు.

"ఏమైందండీ మీకు?" అంది ఆమె బిత్తరపోయి.

"గ్యాస్" అన్నాడు. అంతకుమించి ఊపిరి లేదు.

పిల్లను ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. పట్టుమని నాలుగడుగులు వేశాడో లేదో, ఛాతీ బిగుసుకుపోయింది, కళ్ళు బైర్లు కమ్మాయి. గాలి లోపలికి రావడం లేదు. పిల్ల చేతుల్లోంచి జారిపోతోంది. భార్య వెనకనుంచి వచ్చి అందుకుని గేటు దాటింది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడి, కాస్త ఊపిరందాక, తిరిగి లోపలికి వెళ్ళాడు. రెగ్యులేటర్ కట్టేశాడు. కిటికీ రెక్కలు తెరిచాడు. తన జీవితంలో అంత భయపడుతూ ఏ వంటగదిలోనూ నడవలేదు.

కూతురు వచ్చేసరికి ముగ్గురూ రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆమె గేటు దాకా వెళ్ళి ఠక్కున ఆగిపోయింది.

"నాన్నా, గ్యాస్ వాసన. గేటు దాకా వస్తోంది. మీకు తెలీడం లేదా?"

ఇందాక ఆ గేటులోంచే ఆయన ఇంట్లోకి వెళ్ళాడు.

"తెలీదమ్మా. నాకు ఏ వాసనా తెలీదు. ఎప్పట్నుంచో తెలీదు" అన్నాడు. అనేశాక తల ఎత్తలేకపోయాడు.

కూతురు తల్లి వైపు తిరిగింది. "నీకేమైందమ్మా? రోజంతా ఆ వంటింట్లోనే ఉన్నావుగా?"

"నాకా?" అంది ఆమె మెల్లగా. "ఈ ఇంట్లో మీ నాన్న పొగ తప్ప నాకు వేరే వాసన తెలిసి చాలా ఏళ్ళయింది. చివరికి అదీ తెలీడం మానేసింది. జలుబనుకున్నాను."

కూతురు పిల్లను గుండెకు హత్తుకుంది. "రేపట్నుంచి దీన్ని ఇక్కడ వదలను నాన్నా" అంది. కోపంగా కాదు, ఏడుపు ఆపుకుంటూ.

"వదలకమ్మా" అన్నాడాయన. "వెళ్ళేముందు ఒక్కసారి గుమ్మం దాకా వెళ్ళి చూడు. పోయిందో లేదో మాకెలా తెలుస్తుంది?"

ఆమె వెళ్ళి నిలబడి, తిరిగి వచ్చి, "ఇంకా ఉంది" అంది.

తర్వాత ఆయన ట్యూషన్ టీచర్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాడు. మిగతా ఇళ్ళలోనూ చెప్పాడు. కొందరు పిలవడం మానేశారు, కొందరు మానలేదు, ముక్కు మేస్త్రి అన్న పేరు మాత్రం పోలేదు. ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నారు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నారు. ఆ రోజు నోట్లో పెట్టుకున్న సిగరెట్టే ఆఖరిది, అదీ వెలగలేదు. పిలుపు మాత్రం ఇంకా వస్తూనే ఉంది. కాఫీ పొడి డబ్బా రోజూ తీసి పీలుస్తాడు. ఒక్కోరోజు ఏదో లీలగా తగిలినట్టుంటుంది, నిజమో భ్రమో తేల్చుకోలేడు.

పొద్దున్నే భార్య స్టవ్ దగ్గరికి వెళ్ళగానే వెనకే వెళతాడు.

"ఏమైనా వాసనొస్తోందా?" అని అడుగుతాడు.

ఆమె వంగి, గట్టిగా పీల్చి, "లేదండీ, ఏమీ లేదు" అంటుంది.

ఆ మాట ఇద్దరూ నమ్మరు. ఆయన సబ్బుగిన్నె తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటాడు, ఆమె లైటర్ వెనకాల దాచి పట్టుకుని నిలబడుతుంది, ఆయన సరేననేదాకా.